ఎద్దు మీద వచ్చిన గుడి: బందరు ఉప్పు బాట నుంచి తాండా మందిరం దాకా

"మీ గుడి ఎన్నేళ్ల నాటిది?" అని బందరు కాలేజీలోనో గుడివాడ హాస్టల్లోనో తోటివాళ్లు అడిగితే మన పిల్లలు చాలామంది జవాబు చెప్పలేక ఊరుకుంటారు. అడిగేవాళ్లకు చెప్పుకోవడానికి చాలా ఉంది. దివిసీమ శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు ఉన్నాడు. ఆ స్వామి కలలో కనిపించి ఆనతిస్తేనే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాశాడంటారు. మోపిదేవిలో పాముచుట్టల మీద లింగరూపంలో సుబ్రహ్మణ్యేశ్వరుడు ఉన్నాడు. కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవిలో వేణుగోపాలస్వామి ఉన్నాడు. మన తాండా మందిరం చూస్తే సిమెంటు కట్టడం, నిన్నమొన్నటి రంగులు. దాంతో మనకు గుడి చరిత్రే లేదన్న మాట ఇతరులు అనకముందే మనమే అనేసుకుంటాం.

ఆ మాట నిజం కాదని చెప్పడానికే ఈ వ్యాసం. మన గుడి దాని గోడల కంటే చాలా పాతది. మొదట అది నడిచింది. తరువాత చెట్టు కింద కూర్చుంది. గోడలు, కప్పు, శిఖరం ఆఖరున వచ్చాయి. గోడల వయసు మాత్రమే లెక్కపెట్టేవారికి మొదటి రెండు దశలు కనిపించవు. వాటిని చూడటం మనం నేర్చుకోవాలి.

ఉప్పు పిలిచిన తీరం

మన పెద్దలు రాజస్థాన్ వైపు నుంచి వచ్చారని అందరికీ తెలుసు. 17వ శతాబ్దంలో మొగలు సైన్యాలు దక్కనుకు దిగినప్పుడు వాటికి ధాన్యం మోసుకొచ్చిన పెరిక ఎడ్ల బిడార్లలో మన బంజారాలవి ముఖ్యమైనవి. సైన్యం వెళ్లిపోయినా బిడారు ఇక్కడే ఉండిపోయింది. దారులు తెలిసినవాడికి బేరం దొరుకుతుంది. ఆ బేరాన్ని మన గోర్ బోలిలో 'లదేణి' అంటాం. సరుకు ఎద్దుల మీదకు ఎత్తి, ఊరూరా దించి అమ్ముకోవడం అది.

లదేణిలో పెద్ద సరుకు ఉప్పు. లంబాడీ అన్న పేరే 'లవణం' నుంచి వచ్చిందని చెప్పేవారు చాలామంది ఉన్నారు. దక్కను లోపల సముద్రం లేదు, మనిషికీ పశువుకీ ఉప్పు లేనిదే గడవదు. తూర్పున కృష్ణ ముఖద్వారం చుట్టూ, బందరు తీరం పొడుగునా ఉప్పు కొటార్లు ఉండేవి. బందరు అప్పటికి గోల్కొండ సుల్తానుల పెద్ద రేవు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ దిగి వర్తక స్థానాలు పెట్టుకున్నారు. ఓడల్లో వచ్చిపోయే కలంకారీ గుడ్డల గురించి, వజ్రాల గురించి చరిత్ర పుస్తకాలు చాలా రాశాయి. అదే రేవు వెనక గోనెల్లో ఉప్పు నింపుకుని పడమటికి నడిచిన ఎద్దుల గురించి రాసింది తక్కువ. పోయేటప్పుడు ఉప్పు, వచ్చేటప్పుడు బీరారు పత్తి. ఆ పత్తి ఇక్కడి సాలెల మగ్గాలకు పోయేది. పెరిక ఎద్దు రోజుకు ఆరేడు మైళ్లకు మించి నడవదు. బందరు నుంచి హైదరాబాదు రెండు వందల మైళ్ల పైమాటే. అంటే ఒక్క ప్రయాణానికి కనీసం నెల.

నెల రోజులు దారిలో ఉండేవాడు పూజ ఎక్కడ చేసుకుంటాడు? మన గుడి చరిత్ర ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది.

బిడారుతో నడిచిన గుడి

దీనికి సాక్ష్యం ఒక పరాయి దేశస్థుడు రాసిపెట్టాడు. ఫ్రాన్సు దేశపు వజ్రాల వర్తకుడు తావెర్నియే 17వ శతాబ్దంలో గోల్కొండకూ బందరుకూ వచ్చి వెళ్లినవాడు. దారిలో పది పన్నెండు వేల ఎద్దులున్న బిడార్లను చూశానని రాశాడు. బిడారు దిగిన చోట పూజారి ఆ మకాంలో అన్నిటికన్నా ఎత్తయిన జాగా చూసి, ఆరేడు అడుగుల కర్రకు చుట్టుకున్న పాము రూపాన్ని అక్కడ నిలబెట్టేవాడట. ఉదయాన్నే అందరూ వరసగా వచ్చి మొక్కేవారు. ఆడపిల్లలు మూడుసార్లు చుట్టూ తిరిగేవారు. పూజ అయ్యాక ఆ దేవుణ్ణి దించి, అందుకోసమే కేటాయించిన ఎద్దు మీద ఎక్కించేవారు.

ఈ వివరాన్ని శిల్పి కంటితో చూడండి. ఎత్తయిన జాగా అంటే గుడికి అధిష్ఠానం. నిలబెట్టిన కర్ర ధ్వజస్తంభానికి చుట్టం. మూడుసార్లు తిరిగిన నేల ప్రదక్షిణ పథం. దేవుణ్ణి మోసే ఎద్దు వాహనం, రథం రెండూ. గుడికి కావలసినవన్నీ ఉన్నాయి, గోడలు తప్ప. నడిచేవాడు గోడను మోయలేడు కనుక దాన్ని వదిలేసి మిగతాదంతా మోశాడు.

మరో సాక్ష్యం 19వ శతాబ్దపు రాతల్లో ఉంది. బిడారులో ఒక ఎద్దును బాలాజీకి వదిలేవారు. దాని మీద ఎన్నడూ బరువు వేయరు. ఎర్ర పట్టు కుచ్చులు, గంటలు, గవ్వలు కట్టి ముందు నడిపిస్తారు. అలసిపోయి అది ఎక్కడ పడుకుంటే ఆ రోజుకు మకాం అక్కడే. జబ్బు చేసినా ఆపద వచ్చినా దాని కాళ్ల దగ్గరే మొక్కుకుంటారు. మిగతా ఊళ్లలో ఊరు ఎక్కడుందో చూసి గుడి కడతారు. మన దగ్గర దేవుడు పడుకున్న చోట ఊరు దిగేది.

చెట్టు నీడన ఏడు రాళ్లు

వానాకాలం నాలుగు నెలలు ఎద్దులు నడవలేవు. నల్లరేగడిలో గిట్ట దిగబడితే పైకి రాదు. అందుకని బిడారు మెరక మీద, మేత దొరికే చోట ఆగేది. మన తాండాలు దిగువ డెల్టాలో కంటే తిరువూరు, ఎ.కొండూరు, మైలవరం వంటి ఎగువ మెట్టల్లోనే ఎందుకు ఎక్కువో ఆలోచిస్తే ఈ సంగతి గుర్తుకు వస్తుంది. దివిసీమ లంకల్లో, బందరు చుట్టుపక్కల మనకంటే యానాది, ఎరుకల సోదరులు ఎక్కువ. మనం ఇక్కడికి చదువుకో, ఉద్యోగానికో, కూలికో వచ్చినవాళ్లం. ఒక రకంగా ఉప్పు కోసం వచ్చిన దారినే మళ్లీ వచ్చాం.

ఆగిన చోట మొదటి గుడి చెట్టు. తాండా పొలిమేరలో వేపచెట్టు కింద ఏడు రాళ్లు వరసగా పెట్టి ఏడుగురు తల్లులను నిలబెట్టేవారు. సీత్లా యాడి పండుగనాడు గుగ్గిళ్లు పెట్టి, పశువులను ఆ తల్లుల ముందు నుంచి దాటించేవారు. పశువుకు రోగం వస్తే బిడారుకు బతుకు లేదు, అందుకే పండుగ మనిషి కంటే ముందు పశువుకు. తాండా లోపల, చాలాచోట్ల నాయక్ ఇంటి ముందున్న ఖాళీ జాగాలో భోగ్ జరిగేది. తీజ్ రోజుల్లో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి తొమ్మిది రోజులు నీళ్లు పోసేదీ అక్కడే. ఆడవాళ్లు వలయంగా నిలబడి పాడేదీ అక్కడే. పేరుకు అది ఖాళీ జాగా. మన గుడికి మండపం అదే.

తిరుమల కొండ మీద

బంజారా భక్తికి రాతి గోడలు అసలు తెలియవని కూడా అనుకోకండి. తిరుమలలో శ్రీవారి ఆలయానికి ఎదురుగా కొంచెం పక్కన, మెరక మీద హాథీరాం బావాజీ మఠం ఉంది. బావాజీ ఉత్తరాది నుంచి వచ్చిన వైష్ణవ బైరాగి. స్వామి ఆయనతో పాచికలాడేవాడని కథ. మన తాండాల్లో బావాజీని మనవాడిగానే కొలుస్తారు. స్వామిని బాలాజీ అని పిలిచే అలవాటూ, బిడారులో బాలాజీ ఎద్దూ ఆ బంధానికి గుర్తులు. 1843లో ఈస్టిండియా కంపెనీ తిరుమల ఆలయ నిర్వహణ నుంచి తప్పుకున్నప్పుడు ఆ బాధ్యతను ఈ మఠం మహంతులకే అప్పగించింది. 1933లో తిరుమల తిరుపతి దేవస్థానాల కమిటీ ఏర్పడేవరకూ, అంటే 90 ఏళ్లు, అది వారి చేతుల్లోనే ఉంది. ఈ సంగతి తెలిసిన పిల్లవాడు గుడి చరిత్ర దగ్గర తల దించుకోనక్కర్లేదు.

ఎద్దు ఆగింది, గుడి నిలిచింది

మరి నడిచే గుడి ఎందుకు ఆగిపోయింది? మనకు నడక విసుగొచ్చి కాదు.

1805లో కంపెనీ ప్రభుత్వం మద్రాసు రాజధాని మొత్తంలో ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. కొటారులో పండిన ఉప్పు ప్రభుత్వ గిడ్డంగికి పోవాలి, ప్రభుత్వం పెట్టిన ధరకే కొనాలి. 1832-33లో నందన కరువు వచ్చి గుంటూరు సీమ శవాల దిబ్బయింది. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది. దాని కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయి, వాటిలోనే పడవలూ నడిచాయి. వెయ్యి ఎద్దులు మోసే సరుకును కొన్ని పడవలు మోసుకుపోయాయి. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద ఉప్పెన పడి దాదాపు 30,000 మంది పోయారు. ఆ రేవు మళ్లీ పాత వైభవం చూడలేదు. 1889లో సికింద్రాబాదు నుంచి బెజవాడకు రైలు వచ్చింది. నెల రోజుల లదేణి ఒక రోజు ప్రయాణమైంది. పెరిక ఎద్దుకు పని లేకుండా పోయింది.

పని పోయినవాళ్ల మీద అనుమానం వచ్చి పడింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వర్తించింది. మనలాంటి సంచార తెగలెన్నో, ఎరుకల సోదరులతో సహా, ఆ చట్టం నీడలో బతికాయి. ఒకప్పుడు నడక మన వృత్తి. ఆ చట్టం కింద నడకే నేరానికి గుర్తు. 1952 ఆగస్టు 31న అది రద్దయింది.

అందుకే ఒక మాట సూటిగా చెబుతాం. తాండాలో స్థిరమైన గుడి లేవడం పండుగే, కాని అది ఒక దారి మూసుకుపోయిన గుర్తు కూడా. రెండూ నిజమే. శంకుస్థాపన ఫలకం మీద మొదటిదే రాస్తాం. రెండోది పిల్లలకు నోటితో చెప్పాలి.

ఇవాళ్టి మందిరాన్ని చదవడం ఎలా

మన సంప్రదాయం ప్రకారం సంత్ సేవాలాల్ మహరాజ్ 1739 ఫిబ్రవరి 15న అనంతపురం సీమలో గుత్తి దగ్గర పుట్టారు. ఆ చోటును సేవాగఢ్ అంటాం. ఆయన సమాధి మహారాష్ట్రలోని వాశిం జిల్లా పోహరాదేవిలో ఉంది. ఈ రెండు క్షేత్రాలకు రాకపోకలు పెరిగాక, తాండాల్లో మందిరాలు కట్టడమూ పెరిగింది.

ఈసారి మీ తాండా మందిరానికి వెళ్లినప్పుడు నాలుగు చోట్ల ఆగి చూడండి.

మొదటిది, గుడి ఒకటి కాదు, జంట. ఒక గర్భగుడిలో సేవాలాల్ మహరాజ్, పక్కదానిలో మేరామ యాడి లేక జగదంబ. కొడుకునూ తల్లినీ విడదీయకూడదన్న భావన కట్టడంలోకి దిగింది.

రెండోది, జెండాలు. సేవాలాల్‌కు తెల్లది, తల్లికి ఎర్రది. శిఖరం కంటే ముందు, చాలా దూరం నుంచి కనిపించేవి అవే. బిడారు దిగిన మెరక మీద నిలబెట్టిన ఆ కర్రను ఇక్కడ గుర్తుపట్టవచ్చు.

మూడోది, గుడి ముందున్న భోగ్ గుండం. బెల్లం, నెయ్యి, బియ్యంతో వండింది నిప్పులో వేసి, అందరూ కలిసి అర్దాస్ చెబుతారు. మన పూజకు కేంద్రం గర్భగుడి లోపల లేదు, బయట ఆరుబయట ఉంది. లోపల చీకట్లో దేవుడు, బయట వరసలో భక్తుడు అన్న అమరిక మనది కాదు.

నాలుగోది, తెల్ల గుర్రం, ఎద్దు బొమ్మలు. వాటిని అలంకారం అనుకోవద్దు. దేవుణ్ణి మోసినవి అవే.

శిఖరం, ద్వారం మీది సిమెంటు బొమ్మలు, రంగులు మాత్రం చుట్టుపక్కల ఊళ్ల నుంచి తెచ్చుకున్నవి. ఇందులో చిన్నతనమేమీ లేదు. బందరు పక్క చిలకలపూడినే చూడండి. అక్కడి పాండురంగడు మరాఠీ సీమ దేవుడు. భక్త నరసింహం 1929లో పండరిపురాన్ని మనసులో పెట్టుకుని ఆ గుడి కట్టించారు. చిలకలపూడిలో వెలసినందుకు దానికి కీర పండరిపురం అన్న పేరూ వచ్చింది. దేవుడి భాష వేరు, నేల వేరు. అయినా కార్తీకంలో బందరంతా అక్కడికే కదులుతుంది. వలస వచ్చిన దేవుడు పరాయివాడుగా మిగిలిపోవాలని ఎక్కడా లేదు.

సముద్రం దాటినవారూ ఇలాగే

ఈ మూడు దశలు మనకు మాత్రమే ప్రత్యేకం కాదు. 1834 తరువాత చెరకు తోటల కూలీలుగా మారిషస్ వెళ్లిన భారతీయుల్లో తెలుగువారూ ఉన్నారు. ఆ తోటల అంచున చెట్టు కింద చిన్న అరుగు మీద ఏడు రాళ్లు పెట్టి 'కాళీమాయి' అని కొలిచారు. మన సీత్లా యాడి చెట్టుకూ ఆ చెట్టుకూ మధ్య ఒక మహాసముద్రం ఉంది. తేడా మాత్రం పెద్దగా లేదు. తరువాతి తరాలు వాటికి సిమెంటు కప్పులు వేశాయి, పెద్ద కోవెలలు కట్టాయి. 1970లలో అమెరికాలో స్థిరపడిన దక్షిణాదివారు పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్‌లో తిరుమల నమూనాలో వెంకటేశ్వరాలయం కట్టుకున్నారు. 1977లో అది ప్రతిష్ఠ జరుపుకుంది. డాలర్లతో కట్టినా, కూలి డబ్బుతో కట్టినా వలస వచ్చినవాడి గుడి ఒకే మాట చెబుతుంది: మేం ఇక్కడే ఉంటాం, వెనకటి సంగతి మరచిపోలేదు.

కూల్చేముందు కొలవండి

ఇప్పుడు అసలు సంగతి. చందాలు వస్తున్నాయి, కొత్త మందిరాలు లేస్తున్నాయి. మంచిదే. అయితే కొత్త గుడికి చోటు కోసం పాత అరుగు తవ్వేస్తున్నారు, రోడ్డు కోసం వేపచెట్టు కొట్టేస్తున్నారు, ఖాళీ జాగాలో షెడ్డు వేసేస్తున్నారు. మనం పైన చెప్పుకున్న చరిత్రకు మిగిలిన సాక్ష్యాలు అవే. అవి పోతే, "మీ గుడి ఎన్నేళ్ల నాటిది?" అన్న ప్రశ్నకు నిజంగానే మన దగ్గర జవాబు ఉండదు.

చదువుకున్న మీరు చేయగలిగిన పనులు ఇవి. పాత అరుగును కదిలించే ముందు టేపుతో పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి. ఏ దిక్కుకు ఉందో, రాళ్లు ఎన్ని ఉన్నాయో రాసుకోండి. నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ఆ రాళ్లను పారేయకుండా కొత్త గర్భగుడిలోనో, దాని పక్కనో నిలపమని పెద్దలను అడగండి. గుడి ముందు ఖాళీ జాగాను నక్షాలోనే గీయించండి. అక్కడ షెడ్డు వేస్తే భోగ్‌కు పొగ పోయే దారి ఉండదు, తీజ్‌కు పిల్లలు తిరిగే వలయం ఉండదు. ఫలకం మీద చందాదారుల పేర్లతో పాటు తాండా ఎప్పుడు దిగింది, ఎటు నుంచి వచ్చింది అన్నది రెండు వాక్యాలు గోర్ బోలిలో, తెలుగు లిపిలో చెక్కించండి.

దిగువ డెల్టాలో కట్టేవారికి ఇంకో మాట. ఈ నేల నల్లరేగడి, వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది. తీరం దగ్గర ఉప్పు గాలి ఇనుప చువ్వలను తినేస్తుంది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని మింగింది. అందుకని పునాది లోతుకూ అరుగు ఎత్తుకూ డబ్బు మిగిల్చి, శిఖరం మీది బొమ్మలు తగ్గించుకోండి. బిడారు పెద్దలు దేవుణ్ణి పెట్టడానికి ఊరికే మెరక వెతకలేదు. తుఫాను రాత్రి పదిమంది ఎక్కి నిలబడగలిగే అరుగు ఉన్న గుడి, వందమంది చూసి మెచ్చుకునే గోపురం కంటే మన పద్ధతికి దగ్గర.

అన్నిటికన్నా ముందు చేయవలసింది ఒకటుంది. తాండాలో ఎనభై దాటిన తాతలు, నానమ్మలు ఇంకా ఉన్నారు. ఎద్దుల మీద లదేణి చేసినవాళ్ల కథలు వాళ్లు తమ పెద్దల నోట విన్నారు. ఏ దారిన వెళ్లేవారు, ఎక్కడ ఆగేవారు, ఏ చెట్టు కింద మొక్కేవారు అని గోర్ బోలిలోనే అడిగి ఫోనులో రికార్డు చేయండి. రాతి గుళ్లకు శాసనాలు ఉన్నాయి. మన గుడికి ఉన్న శాసనం వాళ్ల నోరే. ఈ సేవాలాల్ జయంతి నుంచి వచ్చే జయంతి లోపల ప్రతి యువకుడూ యువతీ ఒక్క పెద్ద మాట రికార్డు చేసినా, వచ్చే సంచిక చరిత్ర వ్యాసాన్ని మనమంతా కలిసి రాయవచ్చు.

జై సేవాలాల్!